తొలి బిందె, మలి బిందె: ఒక వీధి కుళాయి నీళ్ల కేస్ స్టడీ

ఏప్రిల్ చివర్లో ఒక మాస్టారు మా నీటి పరీక్షల ల్యాబుకి వచ్చారు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. చేతిసంచిలోంచి రెండు సీసాలు తీసి బల్ల మీద పెట్టారు. ఒకదానికి ‘కుళాయి’ అని, రెండోదానికి ‘ఆర్వో’ అని చీటీ అంటించి ఉంది. తర్వాత న్యూస్‌పేపర్లో చుట్టిన గీజర్ కాయిల్ తీశారు. సంక్రాంతి వెళ్లాక వేయించిన కొత్త కాయిలట. అప్పుడే గోరు మందాన తెల్లటి గార పట్టి కాలిపోయింది.

“కాలవ నీళ్లు తాగే ఊరండీ మాది. ఎన్నో ఏళ్లుగా అదే కుళాయి. సబ్బు నురగ రాకపోవడం, పప్పు ఉడక్కపోవడం మేం ఎరగం. ఈ ఏడాదే మొదలైంది. మున్సిపాలిటీ వాళ్లు బోరు నీళ్లు కలిపేస్తున్నారని వీధంతా అంటున్నారు. మీరు పరీక్ష చేసి కాగితం ఇస్తే అర్జీ పెడతాం” అన్నారు.

ఆ కాగితం ఇవ్వడానికి నాకు పదమూడు రోజులు పట్టింది. అందులో చివరికి రాసింది ఆయన అనుకున్నదీ కాదు, మొదట్లో నేను అనుకున్నదీ కాదు. డెల్టాలో ఇలాంటి వీధులు చాలా ఉంటాయన్న నమ్మకంతో పరీక్షల వివరాలతో సహా ఇక్కడ రాస్తున్నాను. ఊరి పేరు, ఇళ్లవాళ్ల పేర్లు రాయడం లేదు. నరసాపురం కాలువ మీద ఆధారపడిన ఒక చిన్న పట్టణం అనుకుంటే చాలు.

మొదటి రోజు

కాయిల్ మీది గారని చిన్న ముక్క గీకి దాని మీద రెండు చుక్కలు వెనిగర్ వేశాను. బుసబుసమని పొంగింది. అంటే అది కాల్షియం కార్బొనేట్. నీళ్లలో కరిగి ఉన్న బైకార్బొనేట్ వేడి తగలగానే విడిపోయి ఇలా సున్నపు పొరలా పేరుకుంటుంది. ఆ పొర కాయిల్ వేడిని నీళ్లకి అందనివ్వదు. వేడి లోపలే ఉండిపోయి కాయిల్ కాలిపోతుంది.

ఇక సీసాలు. కాఠిన్యానికి, అంటే నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లెక్కకి, మేం చేసే పరీక్ష చాలా పాతది, చాలా నమ్మకమైనది. 50 మిల్లీలీటర్ల నీళ్లలో అమ్మోనియా బఫర్ వేసి, చిటికెడు ఎరియోక్రోమ్ బ్లాక్ టీ అనే రంగుపొడి వేస్తే కాల్షియం, మెగ్నీషియం ఉన్న నీళ్లు ద్రాక్షరసం రంగుకి తిరుగుతాయి. బ్యూరెట్ అనే గీతల గొట్టంలోంచి ఈడీటీఏ ద్రావణం చుక్కచుక్కగా వదులుతూ ఆ ఎరుపు పూర్తిగా పోయి నీలం వచ్చిన చోట ఆపాలి. ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో దాన్ని 20తో గుణిస్తే లీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల కాఠిన్యమో వస్తుంది. మాస్టారి కుళాయి సీసాకి 18.6 మిల్లీలీటర్లు పట్టింది, అంటే 372. ఆర్వో సీసాలో 18.

మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం 200 దాకా ఉండొచ్చు. వేరే దారి లేని చోట 600 దాకా సర్దుకోవచ్చు. గోదావరి కాలువ నీళ్లలో నేను ఏటా చూసేది 100 నుంచి 150 మధ్యలో. కాబట్టి మాస్టారి ఫిర్యాదు నిజమే. కాలువ నీళ్లు వచ్చే కుళాయిలో 372 ఉండకూడదు.

అప్పుడు నేనో తప్పు చేశాను. నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూడకుండా నోటికి వచ్చిన కారణం చెప్పేశాను. “కాలవలు కట్టేశారు కదండీ మాస్టారూ. చెరువులో నీళ్లు ఎండకి ఆవిరై చిక్కబడి ఉంటాయి” అన్నాను. విజ్జేశ్వరం దగ్గర బ్యారేజీ నుంచి పశ్చిమ డెల్టా కాలువలకి నీళ్లు వదులుతారు. ఏప్రిల్‌లో మరమ్మతులకి కాలువలు కట్టేస్తే, మళ్లీ జూన్‌లో వదిలేదాకా ఊళ్లన్నీ ముందే నింపుకున్న సమ్మర్ స్టోరేజ్ చెరువుల మీదే బతకాలి. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన తర్వాత ఈ ప్రాంతం తాగేదీ తడిపేదీ ఆ నీళ్లే. కాబట్టి నేను చెప్పిన మాట వినడానికి సబబుగానే ఉంది. మాస్టారు తలూపి వెళ్లిపోయారు.

సాయంత్రం అదే సీసాలో క్లోరైడ్, అంటే ఉప్పు జాడ, చూశాను. పొటాషియం క్రోమేట్ వేసి సిల్వర్ నైట్రేట్ వదులుతుంటే ఇటుకరంగు రావడానికి చాలా సేపు పట్టింది. లీటరుకు 396 మిల్లీగ్రాములు వచ్చింది. మర్నాడు పొద్దున్నే ఫిల్టర్ బెడ్ల దగ్గరికి వెళ్లి అడిగి, శుద్ధి చేసి ట్యాంకులోకి ఎక్కిస్తున్న నీళ్లు ఒక సీసా పట్టుకొచ్చాను. కాఠిన్యం 136, క్లోరైడ్ 32.

ఆవిరై చిక్కబడిన నీళ్లయితే అన్నీ ఒకే లెక్కన పెరగాలి. పాలు మరగబెడితే తీపి, చిక్కదనం కలిసి పెరిగినట్టు. ఇక్కడ కాఠిన్యం మూడు రెట్లు కూడా పెరగలేదు. క్లోరైడ్ మాత్రం 12 రెట్లు పెరిగింది. అది ఆవిరి వల్ల వచ్చే తేడా కాదు. ఉప్పు ఎక్కువున్న వేరే నీళ్లేవో దారిలో కలుస్తున్నాయి. చెరువు నీళ్లు బాగున్నాయి, ఫిల్టర్ బాగుంది, మాస్టారి కుళాయి బాగాలేదు. మాస్టారికి ఫోన్ చేసి నిన్న నేను చెప్పింది తప్పని చెప్పాను.

మామ్మగారి బిందెలు

వీధి చూడ్డానికి వెళ్లాను. పద్నాలుగు ఇళ్లు, సుమారు 200 మీటర్లు, నాలుగంగుళాల పైపు. పొద్దున్న 6 గంటలకి లైన్‌మన్ వీధి మొదట్లో వాల్వు తిప్పుతాడు, 7కి కట్టేస్తాడు. మామూలు రోజుల్లో సాయంత్రం కూడా వదిలేవారు. కాలువలు కట్టాక ఒక పూటే.

చివరి నుంచి మూడో ఇంట్లో ఒక మామ్మగారు గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుకుంటున్నారు. పెంకుటిల్లు, మోటారు లేదు, అరుగు పక్కన కిందికి ఒక కుళాయి. నీళ్ల గురించి అడిగితే ఆవిడ చెప్పిన మాట ఈ కేసు మొత్తానికి తాళంచెవి.

“మాకేం ఇబ్బంది లేదు నాయనా. తొలి నాలుగు బిందెలూ గిన్నెలు తోమడానికి, మొక్కలకీ. ఆ తర్వాత పట్టినవి పప్పుకీ తాగడానికీ. తొలి నీళ్లతో పెడితే కందిపప్పు గంటైనా పలుకే. మలి నీళ్లతో ఇట్టే మెదుగుతుంది.”

“ఎప్పటి నుంచి మామ్మగారూ ఇలా?”

“పండక్కి మా మనవలు వచ్చినప్పుడు బాగానే ఉంది. ఆ తర్వాతే. ముందు ఒక బిందె వదిలేదాన్ని. ఇప్పుడు నాలుగు వదలాల్సి వస్తోంది.”

పప్పు ఉడకడానికీ కాఠిన్యానికీ సంబంధం ఉంది. గింజ కణాలని అంటిపెట్టుకుని ఉండే పెక్టిన్‌తో కాల్షియం కలిస్తే అది గట్టిపడి విడదు. మనవాళ్లు చిటికెడు వంటసోడా వేసేది అందుకే. అంటే పొయ్యి మీది కందిపప్పుతోనే మామ్మగారు నెలల తరబడి రోజూ కాఠిన్యం పరీక్ష చేస్తున్నారు. బ్యూరెట్ పట్టుకుని నేను చూడని సంగతి ఆవిడకి అప్పటికే తెలుసు. ఈ వీధిలో నీళ్లు ఒక్కటి కాదు, ఒకే గంటలో రెండు రకాలు వస్తున్నాయి.

మున్సిపాలిటీ పరీక్షల్లో ఇది ఎందుకు బయటపడలేదో కూడా అప్పుడే అర్థమైంది. నమూనా పట్టే పద్ధతిలోనే ‘కుళాయిని కాసేపు వదిలేసి ఆ తర్వాత పట్టాలి’ అని ఉంటుంది. అది సరైన పద్ధతే. పైపులో ఏం వస్తోందో తెలియాలంటే అలాగే పట్టాలి. వాళ్ల రిపోర్టుల్లో అబద్ధం లేదు. వాళ్లు పట్టింది మలి నీళ్లు. మాస్టారు పట్టింది తొలి నీళ్లు.

మర్నాడు 5:50కి మాస్టారి గేటు పక్క కుళాయి దగ్గర సీసాలు వరసగా పేర్చుకుని కూర్చున్నాను. నీళ్లు తగలగానే మొదటి సీసా: కాఠిన్యం 478, క్లోరైడ్ 560. ఐదు నిమిషాలకి 354, 369. పావుగంటకి 184, 107. అరగంటకి 138, 34. అరగంట తర్వాత వచ్చినవి ఫిల్టర్ బెడ్ దగ్గరి నీళ్లే, తేడా లేదు.

మరి మాస్టారి ఇంట్లో గీజర్ ఎందుకు పాడైంది? ఆయనకి లైనుకి నేరుగా బిగించిన మోటారు ఉంది. 6 కొట్టగానే వేస్తారు. 500 లీటర్ల ట్యాంకు పది పన్నెండు నిమిషాల్లో నిండిపోతుంది, ఆపేస్తారు. అంటే రోజూ వీధిలోని తొలి నీళ్లన్నీ ఆ ట్యాంకులోకే. మోటారున్న ఆరిళ్లలోనూ ఇదే ఫిర్యాదు. మోటారు లేని మామ్మగారు గంటంతా ఓపిగ్గా పట్టుకుంటారు కాబట్టి ఆవిడకి మంచినీళ్లు దొరుకుతున్నాయి.

మరో రెండు సీసాలు

కాఠిన్యం గురించి అందరూ గాభరా పడుతుంటే నాకు వేరే అనుమానం పట్టుకుంది. వీధి పైపులోకి బయటి నీళ్లు రాగలుగుతున్నాయంటే, ఉప్పొక్కటే వస్తుందని నమ్మకం ఏముంది?

కాఠిన్యం వల్ల ప్రాణానికి ముప్పు లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా కాఠిన్యానికి ఆరోగ్యపరమైన హద్దంటూ ఏదీ పెట్టలేదు. గీజర్ పోతుంది, సబ్బు ఎక్కువ అవుతుంది, గిన్నెల మీద తెల్ల మచ్చలు పడతాయి. క్రిములు అలా కావు. కనిపించవు, రుచికి తెలియవు, నీళ్లలో కరిగిన లవణాల్ని కొలిచే టీడీఎస్ మీటరులో ఒక్క అంకె కూడా కదలదు.

తొలి నీళ్లలో క్లోరిన్ చూస్తే సున్నా. అరగంట నీళ్లలో లీటరుకు 0.4 మిల్లీగ్రాములు. కనీసం 0.2 ఉండాలి. ఫిల్టర్ బెడ్ దగ్గర వేసిన క్లోరిన్ మలి నీళ్లలో మామ్మగారి దాకా వస్తోందన్నమాట, తొలి నీళ్లలో లేదు. తర్వాత హెచ్‌టూఎస్ సీసాలు. లోపల మందు పూసిన కాగితం ఉన్న చిన్న సీసాలో నీళ్లు పోసి గది వేడిలోనే వదిలేస్తే, మలానికి సంబంధించిన బాక్టీరియా ఉన్నప్పుడు నీళ్లు నల్లబడతాయి. తొలి నీళ్ల సీసా మర్నాటికే తారులా నల్లబడింది. అరగంట నీళ్ల సీసా రెండు రోజులైనా మారలేదు. మాస్టారి ఆర్వో మిషన్లో నిలవున్న నీళ్లు కూడా రెండో రోజుకి నల్లబడ్డాయి. ఆర్వోలోని వడపోత పొర (మెంబ్రేన్) క్రిముల్ని ఆపుతుంది, కానీ ఆ తర్వాత నీళ్లు నిలవుండే డబ్బాని ఏడాదిగా ఎవరూ కడగలేదు.

ఈ సీసా పరీక్ష హెచ్చరిక మాత్రమే. కాబట్టి క్లోరిన్‌ని విరిచే థయోసల్ఫేట్ వేసిన శుద్ధమైన సీసాల్లో మళ్లీ నమూనాలు పట్టి, ఐసులో పెట్టి, పెద్ద ల్యాబుకి పంపాను. నీళ్లు కలుషితమయ్యాయని చెప్పే కోలిఫారం బాక్టీరియా ఉందని వచ్చింది. ఐఎస్ 10500 ప్రకారం 100 మిల్లీలీటర్లలో ఒక్కటి కూడా కనిపించకూడదు.

నల్లబడిన సీసా చూసిన రోజే ఇంటింటికీ తిరిగి, కారణం తేలేదాకా అందరూ కాచి చల్లార్చి తాగమని చెప్పాం. వీధి చివర అద్దెకుండే ఒక అమ్మాయి, చంకలో పసిపిల్లాడితో, “వీడికి విరేచనాలు తగ్గడం లేదండీ, ఆర్వో కొనే స్తోమత మాకు లేదు” అంది. కాచిన నీళ్లకి ఆర్వో అక్కర్లేదమ్మా అని చెప్పి, పిల్లాణ్ణి ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లమన్నాను. ఆ మాట విన్నాక నాకు రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. పదిమందీ గీజర్ల గురించి మాట్లాడుకుంటున్న వీధి అది.

ఎక్కడ కలుస్తోంది

తొలి నీళ్లని ఒకేసారి ఎనిమిదిళ్ల దగ్గర పట్టాలి. వీధిలో డిగ్రీ చదువుతున్న కుర్రాళ్లు ముందుకొచ్చారు. ఒక్కొక్కరికీ ఒక సీసా, ఒక ఇల్లు. వచ్చిన క్లోరైడ్ అంకెలు వీధి బొమ్మ మీద రాసుకుంటే కొండ ఆకారం వచ్చింది. వీధి మొదట్లో తక్కువ, ఐదో ఇంటి దగ్గర శిఖరం, చివరికి వెళ్లేకొద్దీ మళ్లీ దిగింది.

ఐదో ఇల్లు రెండంతస్తుల డాబా. బోరుంది. ఆ బోరు నీళ్లు అడిగి పట్టుకున్నాను: కాఠిన్యం 620, క్లోరైడ్ 780. అందులో కాల్షియం వాటా 220, మెగ్నీషియం వాటా 400. మామూలుగా నేల నీళ్లలో కాల్షియమే ఎక్కువ. సముద్రపు నీళ్లలో మెగ్నీషియం ఎక్కువ. కాబట్టి ఈ బోరు కింద ఉప్పు వాసన ఉంది.

ఇది డెల్టా సంగతి తెలిసినవాళ్లకి ఆశ్చర్యం కాదు. మన కాళ్ల కింది మట్టి గోదావరి తెచ్చి పోసిన మేట. దాని అడుగున ఉప్పునీరుంది. కాలువలూ చేలూ ఊరిన మంచినీళ్లు దాని మీద పలచగా తేలుతుంటాయి, పాల మీద మీగడలా. మంచినీళ్లు తేలిక కాబట్టి మట్టం సముద్రం కంటే ఒక అడుగు ఎత్తులో ఉంటే, సిద్ధాంతం ప్రకారం కింద 40 అడుగుల దాకా ఉప్పుని తొక్కిపెడతాయి. అదే లెక్కన మట్టం ఒక్క అడుగు దిగినా ఉప్పు చాలా పైకి వస్తుంది. కాలువలు కట్టేసిన వేసవిలో ఊట ఆగిపోతుంది. బోరు ఎంత లాగితే దాని కింద ఉప్పు అంత పైకి లేస్తుంది.

ఇప్పుడు లెక్క కుదిరింది. ఫిల్టర్ నీళ్లు 3 పాళ్లు, ఈ బోరు నీళ్లు 7 పాళ్లు కలిపితే కాఠిన్యం 475, క్లోరైడ్ 556 రావాలి. మాస్టారి కుళాయిలో మొదటి సీసా 478, 560. రెండు వేరు వేరు పరీక్షలు ఒకే జవాబు చెబితే ఇక అనుమానం అక్కర్లేదు.

అయినా అంకెలు చూపించి ఒక ఇంటాయన్ని తప్పు పట్టడం నాకిష్టం లేదు. తెల్లవారుజామున 4:15కి మాస్టారూ నేనూ ఆరో ఇంటి బయటి కుళాయి తిప్పాం. అది మున్సిపాలిటీ నీళ్లు వదిలే వేళ కాదు. పైపు ఖాళీగా ఉండాలి. నీళ్లు ధారగా వచ్చాయి, ఆగకుండా. మాస్టారు దోసిట్లో పట్టి నాలుక మీద వేసుకుని, “ఉప్పు” అన్నారు.

ఐదో ఇంటాయన బియ్యం వ్యాపారి. మంచి మనిషి. వెళ్లి కూర్చుని, “మీ ట్యాంకు తెల్లారేసరికి ఖాళీ అవుతోందా?” అని అడిగాను. ఆయన ఆశ్చర్యపోయారు. “అవునండీ! పై వాటాలోకి అద్దెకి వాళ్లు వచ్చినప్పటి నుంచీ ఇదే గొడవ. పండగ వెళ్లాక చేరారు. ఫ్లోట్ మార్చాను, ట్యాంకు లీకేజీ చూపించాను, ఏమీ లేదు. ఆటోమేటిక్ పెట్టాను కాబట్టి రాత్రంతా బోరు దానంతటదే ఆన్ అవుతుంది. కరెంటు బిల్లు రెట్టింపైంది.”

పైకెక్కి చూశాం. ఎవరో ప్లంబర్ పైపు మిగుల్చుకోవడానికి బోరు లైనునీ మున్సిపాలిటీ లైనునీ ‘టీ’ ఆకారం జాయింటుతో కలిపేసి, ఒకే పైపు ట్యాంకు అడుగుభాగంలోకి ఇచ్చాడు. రెండింటి మధ్యా ఒక గేట్ వాల్వు. బోరు నడిచేటప్పుడు అది కట్టేసి ఉంచాలి. కట్టేసే ఉంచారు. కానీ విప్పి చూస్తే వాల్వు లోపలి గాడి నిండా గట్టి గార, బిళ్ల పూర్తిగా కిందికి దిగడం లేదు. వీధి పైపులో నీళ్లు లేని 23 గంటలూ ఆ సందులోంచి ట్యాంకు నీళ్లు వీధిలోకి కారుతున్నాయి. ట్యాంకు దిగగానే బోరు ఆన్ అయి మళ్లీ నింపుతోంది. నాలుగంగుళాల పైపు 200 మీటర్లకి దాదాపు 1,600 లీటర్లు పడతాయి. తెల్లారేసరికి అందులో సగం పైన ఆ ఇంటి నీళ్లే.

క్రిములు ఎక్కడివో తేలడానికి ఇంకో అడుగు. బోరు నుంచి నేరుగా పట్టిన సీసా నల్లబడలేదు. ట్యాంకు నీళ్ల సీసా నల్లబడింది. ట్యాంకు మూత ఎప్పుడో గాలివానకి పగిలిపోతే పైన రేకు కప్పారు. రేకు పక్కకి జరిగి ఉంది. లోపల పావురాల ఈకలు, గోడల నిండా పాచి.

ఆయన ఆ మెట్ల మీదే కూర్చుండిపోయారు. “మా ట్యాంకు నీళ్లు వీధంతా తాగారా?” అని అడిగారు. ఆ ప్రశ్నకి నేను నెమ్మదిగా అవునన్నాను. ఆ రాత్రే బోరు ఆపించి, టీ దగ్గర పైపుల్ని కలిపే యూనియన్ విప్పించారు. మర్నాడు 6 గంటలకి మాస్టారి కుళాయిలో మొదటి సీసా కాఠిన్యం 151.

ఏం చేశాం

నీళ్లని ఒకవైపే పోనిచ్చే నాన్ రిటర్న్ వాల్వు పెడితే చాలని ప్లంబర్ అన్నాడు. నేను ఒప్పుకోలేదు. గేట్ వాల్వుని ఆపిన గారే రేపు దాని రేకునీ ఆపుతుంది. ఉప్పునీళ్లున్న చోట రెండు లైన్ల మధ్య ఏ వాల్వునీ నమ్మకూడదు. లైన్లు అసలు కలవకూడదు. బోరు నీళ్లకి వేరే ట్యాంకు, అది బాత్రూములకీ మొక్కలకీ. మున్సిపాలిటీ నీళ్లు కింద సంపులోకి పైనుంచి పడాలి, పైపు మూతికీ నీటి మట్టానికీ మధ్య జానెడు గాలి ఉండాలి. గాలిని దాటి నీళ్లు వెనక్కి వెళ్లలేవు. మొత్తం ఖర్చు ఆ ఇంటాయనే పెట్టుకున్నారు, వీధిలో ఎవరూ అడక్కముందే.

పాత ట్యాంకు తోమించి, వెయ్యి లీటర్లకి 150 గ్రాముల లెక్కన కొత్త బ్లీచింగ్ పౌడర్ బకెట్లో కలిపి, మడ్డి దిగాక పైతేట మాత్రమే పోసి రాత్రంతా ఉంచాం. తర్వాత పూర్తిగా వదిలేసి రెండుసార్లు కడిగించాం. పాత పౌడర్ అయితే బలం తగ్గిపోయి ఉంటుంది, ఈ లెక్క సరిపోదు. వీధి చివర పైపు కడగడానికి పెట్టే వాష్ అవుట్ వాల్వు విప్పి లైన్‌మన్ పైపంతా వదిలేశాడు. వరసగా మూడు రోజులు క్లోరిన్ కొంచెం ఎక్కువ వేశారు. ఆ మూడు రోజులూ వాసన వస్తోందని ఇద్దరు ముగ్గురు విసుక్కున్నారు. ఆ వాసనే మీకు రక్షణ అని చెప్పుకుంటూ తిరిగాను.

మాస్టారు అప్పటికే కాఠిన్యం తీసే సాఫ్ట్‌నర్ మిషన్ కొనడానికి 38,000 రూపాయలకి మాట్లాడుకున్నారు. అమ్మేవాడు ఇంటికొచ్చి రెండు గ్లాసుల్లో కరెంటు కడ్డీలు ముంచి చూపించాడట. కుళాయి నీళ్లు తుప్పురంగుకి తిరిగి అడుగున బురద దిగింది. ఆర్వో నీళ్లు అలాగే తెల్లగా ఉన్నాయి. మాస్టారి భార్య ఆ బురద చూసి వారం రోజులు అన్నం సరిగా తినలేదు. ఆ బురద నీళ్లలోది కాదు, కడ్డీలోని ఇనుము. లవణాలున్న నీళ్లలో కరెంటు బాగా పారుతుంది కాబట్టి కడ్డీ కరిగి తుప్పుగా దిగుతుంది. లవణాల్లేని నీళ్లలో పారదు కాబట్టి ఏమీ కనపడదు. మామ్మగారి శుభ్రమైన మలి నీళ్లలో చిటికెడు ఉప్పు వేసి అవే కడ్డీలు ముంచి మాస్టారి భార్యకి చూపించాను, అంతే బురద వచ్చింది. మనుషుల భయంతో చేసే ఇలాంటి వ్యాపారం చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది.

సాఫ్ట్‌నర్ చెడ్డ మిషన్ కాదు. కాల్షియం, మెగ్నీషియం తీసుకుని వాటి బదులు సోడియం ఇస్తుంది, అందుకే దానిలోంచి వచ్చిన నీళ్లలో టీడీఎస్ తగ్గదు. బోరు తప్ప దిక్కులేని ఇంట్లో గీజర్‌కీ వాషింగ్ మిషన్‌కీ అది ఉపయోగమే. మాస్టారి ఇంట్లో అయితే అది ఐదో ఇంటి ట్యాంకు నీళ్లని మెత్తబరిచి, క్రిముల్ని అలాగే వదిలేసేది. ఆర్డరు మానుకున్నారు. గీజర్ ట్యాంకులోని గారని నిమ్మఉప్పు కలిపిన నీళ్లతో రాత్రంతా నానబెట్టి వదిలించాం. ఆర్వో కూడా తీసేయమన్నాను. మలి నీళ్లలో టీడీఎస్ 230 మాత్రమే. దానికోసం గ్లాసుకి రెండు మూడు గ్లాసులు పారబోయడం, అదీ చెరువు నీళ్లు లెక్కపెట్టుకుని వాడుకునే నెలలో, సరికాదు. ఆయన ఇంకా ఆలోచిస్తున్నారు. డబ్బా మాత్రం నెలనెలా కడుగుతున్నారు.

మోటార్ల విషయంలో నేను పూర్తిగా గెలవలేదు. లైనుకి నేరుగా మోటారు బిగిస్తే పైపులో పీల్పు పుడుతుంది. ఎక్కడ చిన్న పగులున్నా డ్రైనేజీ నీళ్లు లోపలికి వస్తాయి. ఆరిళ్లలో నలుగురు సంపు కట్టుకుని మోటారు అక్కడికి మార్చారు. ఇద్దరు ఇంకా మార్చలేదు. వాళ్లలో ఒకరికి సంపు తవ్వడానికి చోటే లేదు. ఆ ఇంటికి నేల మీదే చిన్న ట్యాంకు పెట్టే పని వచ్చే నెల చేద్దామనుకుంటున్నాం.

జూన్‌లో కాలువలు వదిలాక, మళ్లీ జులైలో గోదావరి ఎర్రబడ్డాక వెళ్లి చూశాను. తొలి నీళ్లలో కాఠిన్యం 128, క్లోరిన్ 0.3, సీసా రెండు రోజులైనా నల్లబడలేదు. చివరింటి పిల్లాడు కోలుకున్నాడు. మామ్మగారు తొలి బిందె ఒక్కటే మొక్కలకి పోస్తున్నారు, మిగతావన్నీ వంటింట్లోకి వెళ్తున్నాయి. ఆవిడ అలవాటు మార్చవద్దనే చెప్పాను. రాత్రంతా పైపులో నిలవున్న నీళ్లు ఒక బిందె వదిలేయడం ఎప్పటికీ మంచిదే.

అర్జీ కాగితం మాస్టారు చివరికి రాశారు. ఫిర్యాదుగా కాదు. బోరున్న ఇళ్లలో కొత్త కుళాయి కనెక్షన్ ఇచ్చే ముందు, రెండు లైన్లూ కలిసి ఉన్నాయేమో లైన్‌మన్ చూసి సంతకం పెట్టేలా చేయమని కోరారు. ఈలోగా పక్క వీధిలో ఆ కుర్రాళ్లే సీసాలు పట్టుకుని తెల్లవారుజామున కుళాయిలు తిప్పి చూశారు. మూడిళ్ల దగ్గర నీళ్లు వచ్చాయి. రేపు పొద్దున్న ఆ మూడు డాబాలూ ఎక్కి చూడాలి.